వరస తాడు

మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు శోభనాద్రి పడవ ముందు భాగంలో కూర్చుని, చేట ఒళ్ళో పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. రాయి కనబడగానే వేలితో పక్కకి నెట్టి నీళ్ళలోకి మీటుతున్నాడు. అప్పటికి పదకొండు రాళ్ళయ్యాయి. పన్నెండోది వేలికి తగిలినప్పుడు పక్క పడవలో ఇత్తడి మోగింది.

తలెత్తాడు.

పక్క పడవలో, లోవరాజు పొయ్యి దగ్గర, వీరవేణి వంగి ఉంది. ఎడమ చంకలో గంజిగిన్నె. దాని మీద కప్పిన గుడ్డ సగం తొలగి ఉంది. కుడిచేతిలో లోవరాజు భార్య సత్యవతి ఇత్తడి చెంబు. పొయ్యి దగ్గర ఇంకెవరూ లేరు.

శోభనాద్రి చేట కింద పెట్టాడు. రెండు నెలలుగా అతను ఎదురుచూస్తున్నది ఈ నిమిషం కోసమే.

గోదావరి పాయ మీద గువ్వలంక రేవులో ఎనిమిది గూటిపడవలు ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉంటాయి. చేపలు పట్టేవాళ్ళవి. పెళ్ళి, పురుడు, చావు అన్నీ ఆ తాటాకు గూళ్ళ కిందే. ఈ పడవల బారుని వాళ్ళు వరస అంటారు. ఒడ్డు పక్కనున్న మొదటి పడవకి మాత్రమే నేల మీదికి బల్ల వేసి ఉంటుంది. మిగతావాళ్ళు ఒడ్డెక్కాలంటే పక్కవాళ్ళ పడవల మీదుగా నడిచి రావాలి. ఎనిమిదో పడవ వాళ్ళు ఏడు సంసారాల మధ్యనుంచి, ఏడు పొయ్యిల పక్కనుంచి రావాలి. గూటికి తలుపు పెడితే గాలి ఆడదు. తాళం వేస్తే పడవ మునిగేటప్పుడు మనిషి బయటపడలేడు. అందుకని తలుపులూ లేవు, తాళాలూ లేవు.

ఉన్నది ఒక పద్ధతి. పక్క పడవ అంచు దగ్గర ఆగి "అడుగు!" అని కేక వెయ్యాలి. ఆ పడవ వాళ్ళు చేస్తున్న పని ఆపకుండానే "వెయ్యి!" అంటారు. అప్పుడు కాలు పెట్టాలి. పడవలో మనిషి లేకపోయినా ఆ మాట అనాల్సిందే. అని, ఒక ఊపిరి సేపు ఆగి, దాటాలి. రోజుకి వందసార్లు ఈ మాట వినబడుతుంది వరసలో.

మొదటి పడవ సరంగు బాబాది. అసలు పేరు ఖలందర్ సాహెబు. ముప్పై ఆరేళ్ళు లాంచీ సరంగుగా చక్రం తిప్పి, ఒకరోజు దాన్ని వదిలేసి ఫకీరైపోయాడు. ఎవరి దగ్గర దీక్ష తీసుకున్నారని సూఫీలెవరైనా అడిగితే, "గోదారి దగ్గర," అనేవాడు. ఎనభై దాటాయి. తెల్లవారగానే నమాజు చేసుకుని, వరస చివరిదాకా నడిచి, ప్రతి పడవలో పలకరించి వచ్చేవాడు. ఆయన వచ్చి వెళ్ళందే మగవాళ్ళు వల ముట్టుకునేవాళ్ళు కాదు.

శోభనాద్రికి ముప్పై తొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళు ఒక ధాన్యం గిడ్డంగిలో గుమాస్తాగా చేశాడు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఇళ్ళకి వెళ్ళే కూలీల మూటలు తడమడం అతని పని. ఆ అలవాటు చేతులతో పాటు ఇంటికి వచ్చింది. భార్య పుట్టింటికి బయల్దేరిన రోజున గుమ్మంలో ఆమె సంచి తడిమాడు. ఆమె ఏమీ అనలేదు. తిరిగి రాలేదు.

ఆ తరవాత ఉద్యోగం మానేసి బాబా దగ్గరికి వచ్చాడు. "మనుషుల్ని నమ్మడం నాకు చేతకావడం లేదు బాబా. నేర్పండి," అన్నాడు.

బాబా తలుపులేని గూడు చూపించాడు. "ఇక్కడ పడుకో," అన్నాడు. అంతే పాఠం.

శోభనాద్రి పడుకున్నాడు. తొమ్మిదో రోజున ఆరో పడవలో గరిటె కనబడలేదు. పన్నెండో రోజున మూడో పడవలో టార్చిలైటు. ఆ తరవాత సబ్బుపెట్టె, కొత్త తువ్వాలు, చంటిపిల్ల కాలి గజ్జె. వరసలో ఆడవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. "ఎక్కడో పడుంటదిలెండి గుమాస్తాగారూ, దొరుకుద్ది," అనేవాళ్ళు. ఆ నిర్లక్ష్యం అతనికి మింగుడుపడలేదు. నోటుపుస్తకం తెరిచి ఏ వస్తువు, ఏ పడవ, చివరిసారి ఎప్పుడు చూశారు అని రాసుకోవడం మొదలుపెట్టాడు. వరస పెద్ద లోవరాజుకి ఆ పేజీలు చూపించి, "ఇది పడిపోవడం కాదు లోవరాజుగారూ. దొంగతనం," అన్నాడు.

లోవరాజు పేజీల వంక చాలాసేపు చూశాడు. ఆ మాట ఆ రోజు మగవాళ్ళందరికీ పాకింది.

దొంగ వస్తువుతో ఒడ్డెక్కాలంటే మొదటి పడవ దాటక తప్పదు. శోభనాద్రి లెక్క అదీ. పొద్దున్న ఒడ్డు మీద స్నానానికి తప్ప ఇక ఆ పడవ దిగలేదు. పగలంతా బాబా గూటి ముందే కూర్చున్నాడు.

అతని కన్ను మొదటినుంచీ ఎనిమిదో పడవ మీదే ఉంది. అది వీరవేణిది. మొగుణ్ణి మూడేళ్ళ కిందట వరద తీసుకుపోయింది. కాళ్ళు వాచి మంచం దిగలేని తండ్రి అప్పన్నతో మూడు నెలల కిందట వేరే లంక నుంచి వచ్చి ఈ వరసలో కట్టుకుంది. ఆఖరున వచ్చినవాళ్ళు ఆఖరున కట్టుకోవాలి. అందుకని రోజూ ఏడు పొయ్యిల పక్కనుంచి నడిచేది. మధ్యాహ్నం బాబాకి గంజి తెచ్చి, గూట్లో పెట్టి, ఖాళీ గిన్నెతో వెళ్ళేది.

ఇప్పుడు ఆ గిన్నె చంకలో ఉంది. చెంబు చేతిలో ఉంది.

"అక్కడే ఉండు," అన్నాడు శోభనాద్రి.

వీరవేణి ఉలిక్కిపడి నిటారుగా నిలబడింది.

సరిగ్గా అప్పుడే సత్యవతి ఉతికిన బట్టల బకెట్టుతో ఒడ్డునుంచి బల్ల ఎక్కి వచ్చింది. శోభనాద్రి ఆమె వైపు తిరిగాడు. "సత్యవతిగారూ, ఆ చెంబు మీదేనా?"

సత్యవతి చెంబు వంక చూసింది. వీరవేణి వంక చూసింది. బాబా పడుకున్న గూటి వంక చూసింది.

"మాదేనండి," అంది.

శోభనాద్రి ఆమెని ఇంకేమీ అడగలేదు. అవసరం కనబడలేదు.

"నేను తియ్యలేదండి," అంది వీరవేణి.

"తియ్యకపోతే చెంబే నడిచొచ్చి నీ చేతిలో కూర్చుందా?"

ఆమె అతని భుజం మీదుగా సత్యవతినే చూస్తూ నిలబడింది. సత్యవతి బకెట్టులో తడిబట్టలు అటూ ఇటూ కదుపుతోంది. ఒక ఆడది దొంగగా దొరికితే ఇంకో ఆడదానికి కలిగే సిగ్గు అది అనుకున్నాడు శోభనాద్రి.

గూట్లోకి వంగి బాబాని లేపాడు. "బాబా, దొరికింది."

బాబా కళ్ళు నులుముకున్నాడు. "తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను బాబా. ఇందాకే అడిగారు. దొంగ దొరికింది. వీరవేణి. చెంబుతో సహా పట్టుకున్నాను."

బాబా చూపు నిలకడకి వచ్చింది. "ఏమంటోంది?"

"ఏమంటుంది? తియ్యలేదంటోంది. అడిగితే అటూ ఇటూ చూసింది. మిగతావన్నీ కూడా ఈమె దగ్గరే ఉంటాయి."

"అడుగు," అన్నాడు బాబా.

రెండు నెలలుగా రోజుకి వందసార్లు చెవిన పడ్డ మాట. శోభనాద్రి అడుగు వేశాడు. రెండో పడవలోకి, మూడో దాంట్లోకి, నాలుగో దాంట్లోకి. ఆ వేగంలో ఏ పడవ అంచు దగ్గరా ఆగలేదు, ఏ పడవలోనూ కేక వెయ్యలేదు. ఎనిమిదో పడవలోకి వంగేసరికి నులకమంచం మీదనుంచి అప్పన్న గొంతు వినబడింది. "ఎవరయ్యా అదీ? మాటా పలుకూ లేకుండా దిగిపోతన్నావు?"

శోభనాద్రి వినిపించుకోలేదు. చాప ఎత్తాడు. కుండలు కదిపాడు. బియ్యపు డబ్బాలో మోచెయ్యి దాకా పెట్టి కలిపాడు. గిడ్డంగిలో నేర్చిన చేతులవి. నాలుగు నిమిషాల్లో నేలబల్ల కింద గుడ్డలో చుట్టిన నైలాను నూలుండ, వల అల్లే సూది దొరికాయి. రెండూ ఐదో పడవ కొల్లయ్యవి. రెండూ నోటుపుస్తకంలో ఉన్నాయి.

నాలుగు గంటలకి మగవాళ్ళు వేటనుంచి వచ్చారు. కొల్లయ్య జ్వరం తగిలి మూడు రోజులుగా పడవ దిగలేదు. దుప్పటి కప్పుకునే వచ్చి నూలుండ చూసి, చేతిలోకి తీసుకుని, పైకెత్తి చూపించాడు.

"అదిగో! నా నూలు! గంజి పోసి పున్నెం మూటగట్టుకుంటంది అనుకున్నాం. మూటగట్టుకుంటంది మన సామాన్లండోయ్!"

కొందరు నవ్వారు. వీరవేణి నవ్విన వాళ్ళ వైపు చూడలేదు. ఆడవాళ్ళెవరూ నవ్వలేదన్న సంగతి శోభనాద్రి ఆ రోజు గమనించలేదు.

"సెప్పమ్మా," అన్నాడు లోవరాజు. "ఏదో ఒకటి సెప్పు. ఇయ్యి నీ పడవలోకి ఎలాగొచ్చినయ్యి?"

వీరవేణి పెదవులు కదిలాయి. బాబా వైపు ఒక్కసారి చూసింది. నోరు మూసుకుంది.

అంత జరుగుతున్నప్పుడు బాబా లేచి నిలబడ్డాడు. "నా పడవ చూశారా?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆరు పడవల వాళ్ళ వస్తువులు పోయాయంటున్నారు. వెతికింది ఒక్క పడవ. నా పెట్టె కూడా చూడు శోభనాద్రీ."

"అదేం మాట బాబా!" అన్నాడు శోభనాద్రి. లోవరాజు చెవులు మూసుకున్నాడు. కొల్లయ్య చెంపలు వేసుకున్నాడు.

"అడుగు అన్నాను కదా నీకు."

"వెళ్ళాను కదా బాబా. వెళ్తేనే కదా దొరికాయి."

బాబా అతని మొహంలోకి వింతగా చూశాడు. "అడుగు వెయ్యమనలేదయ్యా. ఆమెని అడగమన్నాను."

శోభనాద్రికి ఒక క్షణం చెవులు వేడెక్కాయి. తరవాత తేరుకున్నాడు. ఏ అడుగైతేనేం, వస్తువులు దొరికాయి.

వరసలో దొంగతనానికి శిక్ష ఒకటే, తాడు విప్పడం. ప్రతి పడవనీ పక్క పడవకి కట్టే తాడుని వరస తాడు అంటారు. వరస పెద్ద తన చేత్తో ఆ ముడి విప్పుతాడు. అలా విప్పిన పడవని ఆ పాయ మీద ఏ వరసలోనూ ఏడాదిపాటు కట్టనివ్వరు. ఒంటరి పడవకి మామూలు కాలంలోనే కష్టం. వరద కాలంలో అది మనుషుల్ని చంపేస్తుంది. అది శ్రావణ మాసం. పైన నీళ్ళు పెరుగుతున్నాయని రేడియోలో రెండు రోజులుగా చెబుతున్నారు.

మర్నాడు పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు లోవరాజు ఎనిమిదో పడవ ముడి విప్పాడు. నీళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి. మంచం మీద అప్పన్న కూతుర్ని అడుగుతున్నాడు: "ఎక్కడికే? ఎక్కడికి పోతన్నాం?" వీరవేణి పడవ తోసే గెడ తీసుకుంది. పాత గెడ, మధ్యలో తీగ చుట్టి ఉంది.

"ఆగు," అన్నాడు బాబా.

ఆయన తన పడవ గూటి మీదనుంచి తన గెడ దించుకున్నాడు. సరంగు పని మానిన రోజునుంచీ ఆయన దగ్గరున్న వెదురు గెడ అది. దాన్ని రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకుని, ఒక్కో పడవ అంచు దగ్గర ఆగి "అడుగు" అంటూ, ఆరు పడవలు దాటి వెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు. శోభనాద్రి మనసు చివుక్కుమంది. దొంగకి గెడ ఇవ్వడం తను పట్టుకున్నదాన్ని కాదనడంలా అనిపించింది.

వీరవేణి ఆయన పాదాలకి దణ్ణం పెట్టి గెడ వేసింది. పడవ పక్కకి తిరిగి, ప్రవాహంలో పడి, మలుపు దాటిపోయింది.

అయిదు రోజులపాటు ఎవరూ ఏదీ పోయిందని చెప్పలేదు. కొల్లయ్య ఎదురైనప్పుడల్లా, "కళ్ళంటే గుమాస్తాగారివండీ కళ్ళు," అనేవాడు. శోభనాద్రి పైకి వద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు. లోపల మాత్రం ఆ మాట బాగానే ఉండేది. తన కళ్ళజోడు ఒకటి కనబడలేదు కానీ, అది స్నానం చేసేటప్పుడు నీళ్ళలో జారిందనుకున్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నం రెండున్నరకి జడివాన పట్టింది. బాబా వణుకుతున్నాడు. "పెట్టెలో శాలువా ఉంది, తియ్యి," అన్నాడు. ఆ టేకుపెట్టెని శోభనాద్రి అంతకుముందు ఎప్పుడూ తెరవలేదు. గురువు పెట్టె తెరవడం తప్పనుకున్నాడు.

మూత ఎత్తాడు. శాలువా పైనే ఉంది. అది తీశాడు.

దాని కింద గరిటె ఉంది. టార్చిలైటు ఉంది. సబ్బుపెట్టె, కొత్త తువ్వాలు మడత, స్టవ్వు పిన్నులు, చంటిపిల్ల గజ్జె. నోటుపుస్తకంలో రాసిన వరసలో కాదు గానీ, అన్నీ ఉన్నాయి. ఒక మూల తన కళ్ళజోడు, కాళ్ళు చక్కగా మడిచి ఉంది.

అతని చేతులు ఆగిపోయాయి. గూటి మీద వాన చప్పుడు ఉన్నట్టుండి దూరంగా పోయినట్టయింది. కింద పడవ ఉందో లేదో తెలియలేదు. మొదట కలిగిన ఆలోచన మూత వేసెయ్యాలని.

వెయ్యబోయాడు. బాబా చెయ్యి మూత మీద పడింది.

"ఎవరివయ్యా ఇవన్నీ?" అన్నాడు బాబా. గొంతులో దాపరికం లేదు. "మన పెట్టెలోకి ఎలా వచ్చాయి?"

శోభనాద్రి పదకొండేళ్ళు మనుషుల మొహాలు చూసి దొంగతనం పోల్చిన వాడు. ఇప్పుడు తన మొహం దాచుకోలేకపోయాడు.

బాబా ఆ మొహం చాలాసేపు చదివాడు. తరవాత తన రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతులు చూసుకున్నాడు. తిరగేసి వెనక వైపు చూసుకున్నాడు.

"ఈ చేతులేనా?" అన్నాడు.

వాన పడుతూనే ఉంది. శోభనాద్రి తలొంచుకుని కూర్చున్నాడు. తడబడుతూ అన్నాడు: "మీకు తెలియకుండా జరిగింది బాబా. వయసు... ఇందులో మీ తప్పు లేదు. నేను ఇచ్చొస్తాను. ఎవరూ చూడకుండా ఒక్కొక్కటీ ఎక్కడిదక్కడ పెట్టేస్తాను."

"ఎవరూ చూడకుండా ఎక్కడిదక్కడ పెడుతున్న మనిషినే నువ్వు పట్టుకున్నావు," అన్నాడు బాబా.

శోభనాద్రి తల ఎత్తాడు.

గంజిగిన్నె. సగం తొలగిన గుడ్డ. పొయ్యి మీదికి వంగిన నడుము. మోగిన ఇత్తడి. ఆమె చెంబుని గిన్నెలో పెడుతోందనుకున్నాడు. నిజానికి అతను చూసింది గిన్నె పక్కన చెంబుని మాత్రమే. గిన్నెలోకి వెళ్తున్నదో గిన్నెలోంచి వస్తున్నదో అతను చూడలేదు. గేటు దగ్గర పదకొండేళ్ళూ బయటికి పోయే మూటలే తడిమాడు. లోపలికి వచ్చే మూటని ఒక్కదాన్ని కూడా తడమలేదు.

అయిదు గంటలకి వాన వెలిసింది. మగవాళ్ళు వేటనుంచి వచ్చి పడవల్లో ఉన్నారు. బాబా అన్నిటినీ శాలువాలో మూటకట్టి భుజాన వేసుకున్నాడు. శోభనాద్రి అందుకోబోతే ఇవ్వలేదు.

రెండో పడవ అంచు దగ్గర ఆగి, "అడుగు," అన్నాడు.

"ఎయ్యండి బాబా," అంది సత్యవతి. మూట చూసి పొయ్యి ముందునుంచి లేచి నిలబడింది.

"ఇక్కడ నుంచి ఏం తీసుకెళ్ళాను తల్లీ?"

సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబా మూట విప్పి ముందు పెట్టాడు. ఆమె ఒంగి, బాబా మొహం చూడకుండా, స్టవ్వు పిన్నులు తీసుకుంది.

మూడో పడవలో టార్చిలైటు ఇచ్చాడు. "ఇది నేను తీశాను. నాకు తెలియలేదు. అయినా తీసింది నేనే," అన్నాడు. ఆరో పడవలో గరిటె ఇచ్చి అదే మాట అన్నాడు. ఏడో పడవలో గజ్జె ఇచ్చి అదే మాట అన్నాడు. మగవాళ్ళు వలలు వదిలేసి నిలబడ్డారు. కొల్లయ్య మాత్రం కూర్చుండిపోయాడు. ఏడో పడవ అవతల ఖాళీగా ఉన్న నీళ్ళ వంక చూస్తున్నాడు.

బాబా తిరిగి రెండో పడవకి వచ్చాడు. లోవరాజు ఎదురొచ్చాడు.

"లోవరాజూ, నా తాడు విప్పు."

"బాబా!"

"వరస పెద్దవి నువ్వే కదా. విప్పు."

లోవరాజు రెండు చేతులూ జోడించాడు. "మీ తాడు... మీది ఎలాగిప్పమంటారండీ?"

"ఆమెది ఎలా విప్పావో అలాగే," అన్నాడు బాబా.

లోవరాజు ముడి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వానకి తాడు నాని బిగిసి ఉంది. గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. దాన్ని విప్పడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. శోభనాద్రి చేతి గడియారం వంక చూస్తూనే ఉన్నాడు, ఇంకెటు చూడాలో తెలియక. చివరికి ముడి వదిలింది. శోభనాద్రి ఒడ్డు బల్ల లాగేసి తెడ్డు పట్టుకున్నాడు.

మలుపు దాటి రెండు మైళ్ళు దిగువన, పాత ఇటుకబట్టీ వెనక, వీరవేణి పడవ ఒక తుమ్మమోడుకి ఒంటితాడుతో కట్టి ఉంది. ప్రవాహం లాగినప్పుడల్లా ఒక పక్కకి ఒరుగుతోంది. ఆమె పడవ ముందు భాగంలో నిలబడి, బాబా ఇచ్చిన గెడని నేలకి ఆనించి, ఒరుగుతున్న పక్కని నిలబెడుతోంది. అయిదు రోజులుగా పగలంతా అదే పని అని ఆమె చేతులు చూస్తే తెలిసింది. అరచేతులకి గుడ్డలు చుట్టుకుంది.

శోభనాద్రి పడవని ఆనించి తాడు వేశాడు. రెండు పడవలూ ఒకటయ్యేసరికి ఒరగడం తగ్గింది.

"అడుగు," అన్నాడు బాబా.

"ఎయ్యండి బాబా. నీళ్ళకుండ అడ్డంగా ఉంది, సూసి," అంది వీరవేణి.

బాబా దిగి లోపలికి వెళ్ళి అప్పన్న మంచం పక్కన కూర్చున్నాడు. "తిన్నావా?" అని అప్పన్నని అడగడం వినబడింది.

శోభనాద్రి అంచు దగ్గర నిలబడ్డాడు. ఆ ఒక్క మాట అంటే ఆమె జవాబు చెప్పాలి. చెప్పకపోవచ్చు కూడా. ఆమె కుండలోంచి నీళ్ళు తీసి బాబాకి ఇచ్చింది. అప్పన్నకి దిండు సర్దింది. అంట్లు కడగడం మొదలుపెట్టింది.

"అడుగు," అన్నాడు శోభనాద్రి చివరికి.

ఆమె ఒక గిన్నె కడిగి బోర్లించింది. ఇంకొకటి కడిగి బోర్లించింది.

"ఎయ్యండి," అంది.

వరద నాలుగో రోజుకి తగ్గుముఖం పట్టింది. లోవరాజు రెండుసార్లు వచ్చి, ఇద్దరినీ వరసలోకి తిరిగి రమ్మని బతిమాలాడు. బాబా వీరవేణి వైపు చూపించి ఊరుకున్నాడు. వీరవేణి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

పదకొండో రోజు పొద్దున తొమ్మిది గంటలకు, వీరవేణి చేపలు తీసుకుని సంతకి వెళ్ళిన సమయంలో, సత్యవతి గట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చింది. పడవ ఎక్కమంటే ఎక్కలేదు. ఒడ్డున ఇటుకముక్కల మీద కూలబడింది. ఆమె చెప్పాలనుకున్నది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరి ఆడేటట్టు లేదని శోభనాద్రికి అర్థమైంది. ఈసారి అతను అడగలేదు, తొందరపెట్టలేదు. కూర్చుని విన్నాడు.

"మాగమాసం నించీ తెలుసండి మాకు," అంది. "ఆడోళ్ళందరికీ తెలుసు. పొద్దున్నే పలకరిత్తాకి వచ్చి, పోతా పోతా సేతికందింది పట్టుకుపోయేవోరు. ఆయనకి గురుతుండదని తెలుసు. మద్యానం ఆయన పడుకున్నాక, మెల్లిగా అడుగు అనేసి, ఎవరిది వోళ్ళం తెచ్చేసుకునేవోళ్ళం. మగాళ్ళకి సెప్పలేదు. ఒకళ్ళతో ఒకళ్ళం కూడా అనుకునేవోళ్ళం కాదు. మీరొచ్చి గూటి ముందు కూకున్నాక లోపలికెళ్ళే ఈలు లేకపోయింది. గంజి పట్టుకుని ఎల్లేది అదొక్కత్తే కదండీ. ఒక్కోటీ గిన్నెలో ఎట్టుకుని తెచ్చి ఇచ్చేది. తెచ్చినయ్యే మళ్ళీ పట్టుకుపోయేవోరు, అది ఎల్లిపోయాక అన్నీ పెట్టెలోనే ఉండిపోయినయ్యి. కొల్లయ్య జొరమొచ్చి పడవలోనే ఉంటే, ఆడి నూలు ఇయ్యడం కుదరక దాని దగ్గరే ఉండిపోయింది."

శోభనాద్రి ఆమె వైపు జరిగాడు. "మరి ఆ చెంబు?"

సత్యవతి తల ఎత్తలేదు. చేతిలో ఇటుకముక్కని నేల మీద పొడి అయ్యేదాకా రాస్తూ కూర్చుంది.

"సెంబు ఆ రోజు పొద్దున్నే పోయిందండి. నీళ్ళు కాసుకుందామంటే వేరే లేదు. అది గంజి కాస్తంటే ఎల్లి, నా సెంబు తెచ్చిపెట్టవే వేణీ అని సెప్పింది నేనే."